కర్నూలు దారిలో ఒక రోజు

ఉరవకొండ పక్క పల్లెల్లో సంఘ కాపరులుగా ఉండేవారికి రెండు కాలాలు బాగా తెలుసు. ఒకటి వాన కోసం ప్రార్థించే కాలం. రెండవది బెంగళూరుకు పోయేవారిని బస్సెక్కించే కాలం. 2023లో ఈ రెండూ ఒకటిగానే వచ్చాయి. ఆగస్టు నెలలో మబ్బులు వచ్చి పోయాయి గాని భూమి తడవలేదు. వేసిన చెనక్కాయ పైరు పూత దశలోనే వాడిపోయింది. ఆదివారం ఆరాధనలో వెనుక చాపలు ఖాళీ అవుతూ వచ్చాయి.

అటువంటి రోజుల్లో మా సంఘములోని ఒక చిన్న రైతు కుమార్తెకు అనంతపురం ప్రభుత్వ వైద్య కళాశాలలో ఎం.బి.బి.ఎస్. సీటు వచ్చింది. ఇంటర్మీడియట్ బైపీసీ చదివి, ఒక సంవత్సరం ఇంట్లోనే కూర్చొని మళ్లీ చదివి, రెండవసారి నీట్ రాసిన బిడ్డ. ఆ వార్త విన్న రోజున మా పల్లెలో వాన పడినంత సంతోషమైంది.

అయితే వారం తిరగకముందే ఆ ఇంట్లో నిద్ర కరువైంది. రెండవ విడత కౌన్సెలింగ్ వస్తున్నది. ఆ విడతలో కర్నూలు కళాశాలను పైన పెట్టుకుంటే, ఆమె ర్యాంకుకు అక్కడ సీటు దొరికే అవకాశమున్నది. పెట్టుకోవాలా, వద్దా? దొరికితే అనంతపురం సీటు దానంతటదే పోతుంది. నచ్చలేదని వెనక్కు రావడానికి ఉండదు.

తండ్రి మాట ఒకటి. "యాడ చదివినా డాక్టరే గదా అయ్యగారూ! అనంతపురమైతే శనివారం బస్సెక్కితే మాపటికి ఇంట్లో ఉంటాది. కర్నూలు యాల?" పెదనాయన మాట ఇంకొకటి. "అది పాత కాలేజీ. దాని పేరు పేరే. వచ్చేట్టుంటే ఎవురన్నా ఇడిసిపెడతారా?" తల్లి ఏమీ అనలేదు. ఆ బిడ్డ మా వైపు చూసి, "అయ్యగారూ, మీరేమంటారు?" అన్నది.

"ప్రార్థన చేద్దాం తల్లీ" అన్నాము. నిజం చెప్పాలంటే, మా మనసులో జవాబు అప్పటికే సిద్ధంగా ఉన్నది. ఆమె మా సండేస్కూలు నడుపుతుంది. ముసలివారికి ఉత్తరాలు, బ్యాంకు కాగితాలు చదివి పెడుతుంది. అనంతపురంలో ఉంటే ఆదివారం మాకు దొరుకుతుంది.

మా ఇంటావిడ ఒక్కతే సూటిగా మాట్లాడింది. "గొర్రెను కొనేటప్పుడే పండ్లు చూసి కొంటాం. బిడ్డ అయిదారేండ్లు ఉండే చోటును చూడకుండా ఎట్ల చెప్పేది?" అన్నది. కాబట్టి మరుసటి రోజు తెల్లవారక ముందే తండ్రి, బిడ్డ, మేమిద్దరము పల్లెవెలుగు బస్సెక్కాము.

ఉరవకొండ దాటేసరికి వెలుతురు వచ్చింది. కొండలమీద గాలిమరలు తిరుగుతూనే ఉన్నాయి. మా ప్రాంతానికి గాలి కొదువ లేదు, నీటికే కొదువ. నైరుతి వానలను పడమటి కనుమలు అడ్డుకుంటాయి. ఈశాన్య వానలు తూర్పు తీరంనుండి మా దాకా వచ్చేసరికి అలసిపోతాయి. ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన, అదీ సమయానికి పడితే. తొలకరి పడితే వజ్రకరూరు పొలాల్లో వజ్రాలు వెదకడానికి జనం ఎక్కడెక్కడినుండో వస్తారు. ఆ పొలాల సొంతదారుల్లోనే కొందరు కూలి వెదుక్కుంటూ బెంగళూరు పోతారు. కూడేరు మీదుగా అనంతపురం చేరేదాకా రోడ్డుకు ఇరుప్రక్కలా ఎర్రమట్టి, వాడిన చెనక్కాయ చేలు కనిపించాయి.

అనంతపురంలో ముందుగా ప్రభుత్వ సర్వజన ఆసుపత్రికి వెళ్లాము. అక్కడి వైద్య కళాశాల 2000 సంవత్సరంలో మొదలైంది. ఓ.పి. చీటీల కోసం అప్పటికే బారులు తీరి ఉన్నారు. రాయదుర్గం, కళ్యాణదుర్గం వైపు మనుషులు, వారి మాటను బట్టే తెలుస్తుంది. చేనిలో పాము కరిచిన కూలీని ఇద్దరు మోసుకొని వచ్చారు. ఫ్లోరైడు నీళ్లు తాగి తాగి నడుము వంగిపోయిన ఒక పెద్దాయన గోడ పట్టుకొని నిలబడ్డాడు.

అంతలో మా వైపు పల్లెకు చెందిన ఒక అవ్వ ఈ బిడ్డను గుర్తుపట్టింది. "నువ్వు మనోళ్ల పాపవు గదా మ్మే! మా కోడలికి చీటీ రాపిచ్చి పెట్టు" అన్నది. బిడ్డ అరగంట వరుసలో నిలబడి చీటీ తెచ్చి, ఏ గదికి పోవాలో చూపించి వచ్చింది. మేమూ తండ్రీ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాము. ఇంతకంటె గుర్తు ఏం కావాలి అనిపించింది. ఈమె అవసరం ఇక్కడే ఉన్నది, కర్నూలు దాకా పోవడం ఎందుకు అనుకున్నాము.

అయినా బయలుదేరినవాళ్లము గదా అని కర్నూలు బస్సెక్కాము. 44వ నెంబరు జాతీయ రహదారిమీద సుమారు 150 కిలోమీటర్లు. పామిడి దగ్గర పెన్న వంతెన దాటాము. క్రింద ఇసుక తప్ప నీటిచుక్క లేదు. అంతదాకా కిటికీలోనుండి చూస్తున్న బిడ్డ మా వైపు తిరిగింది.

"అయ్యగారూ, నేను ఆడ చదివితే రోజూ ఇట్లే ఉంటాది."

"మంచిదే గదమ్మా, మనవాళ్లకు సాయం" అన్నాము.

"చీటీ రాపియ్యడం తప్ప నాకేం తెలుసు అయ్యగారూ? ఆ అవ్వ కోడలికి కావల్సింది చీటీ రాపిచ్చేవాళ్లు గాదు, రోగం తెలిసినవాళ్లు. రోజూ ఎవురో ఒకరు పిలుస్తారు. నేను కాదనలేను. శనివారం ఇంటికొస్తే చేని పని, అమ్మ మోకాళ్ల నొప్పి, సండేస్కూలు. ఇంగ చదివేదెప్పుడు?"

మేము జవాబు చెప్పలేదు. తండ్రి తల వంచుకొని తన అరచేతులు చూసుకున్నాడు.

గుత్తిలో బస్సు ఆగినప్పుడు కొండమీది కోటను ఆమెకు చూపించాము. దత్తమండలాలకు కలెక్టరుగా ఉండి, తరువాత మద్రాసు గవర్నరైన థామస్ మన్రో 1827 జూలైలో పత్తికొండ దగ్గర కలరా సోకి మరణించాడు. ఆయనను మొదట ఈ గుత్తిలోనే పాతిపెట్టి, తరువాత మద్రాసుకు తీసుకుపోయారు. గవర్నరు వెంట ఉన్నవారు కూడా ఆ రోగానికి ఏమీ చేయలేకపోయారు. ఉప్పు, చక్కెర కలిపిన నీళ్లు కలరా రోగిని బ్రదికిస్తాయని ఇప్పుడు పల్లెలో తల్లులకు కూడా తెలుసు. ఎవరో ఎక్కడో కూర్చొని నేర్చుకుంటేనే గదా ఆ తెలివి మన దాకా వచ్చింది!

ప్యాపిలి, డోన్, వెల్దుర్తి దాటి మధ్యాహ్నానికి కర్నూలు చేరాము. తుంగభద్ర, హంద్రి కలిసే చోట ఉన్న ఊరు. 1953 నుండి 1956 దాకా ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని. రాజధాని హైదరాబాదుకు తరలిన ఆ 1956లోనే ఇక్కడ వైద్య కళాశాల మొదలైంది. ఆసుపత్రి ఆవరణలో మూడు రాష్ట్రాల యాస వినిపించింది. గద్వాల వైపువారు, రాయచూరు వైపువారు కూడా ఇక్కడికి వస్తారు. మా అనంతపురం మాట కూడా మధ్యమధ్య చెవిన పడింది.

గేటు దగ్గర ఒక సీనియరు విద్యార్థిని పలకరించాము. ఆమెదీ మా జిల్లాయే. దాపరికం లేకుండా రెండు వైపులా చెప్పింది. "పాత కాలేజీ, పీజీ విభాగాలు ఎక్కువ, రకరకాల కేసులు చూడొచ్చు. కానీ ఇక్కడ తరగతికి 250 మంది, అనంతపురంలో 150. ముందుకు పోయి అడగకపోతే వెనకే నిలబడిపోతావు. మొదటి ఆరు నెలలు ఇల్లు గుర్తొచ్చి ఏడుపొస్తుంది. పుస్తకాలు రెండుచోట్లా అవే, పరీక్షా అదే."

ఆమె చెప్పింది నిజము. రెండు కళాశాలలూ విజయవాడలోని ఒకే ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం క్రిందివే. 1986లో ఏర్పడిన ఆ విశ్వవిద్యాలయానికి మేము వెళ్లిన 2023లో వై.ఎస్.ఆర్. పేరు ఉండేది. 2024లో మళ్లీ ఎన్.టి.ఆర్. పేరు వచ్చింది. పట్టా ఒకటే. స్థానికత విషయంలోనూ తేడా లేదు. అనంతపురం, కర్నూలు రెండూ శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయ ప్రాంతంలోనివే కాబట్టి మా బిడ్డ కర్నూలులోనూ స్థానికురాలే. మా ఇంటావిడ వసతి గృహం వైపు వెళ్లి నీళ్లు, భోజనం, రాత్రి కాపలా సంగతులు అడిగి తెలుసుకొని వచ్చింది.

తిరుగు బస్సులో తండ్రి తన భయాన్ని బయటపెట్టాడు. "ముందు అనంతపురంలో చేరి, మల్లా కావాలంటే మారొచ్చంటారే అయ్యగారూ?" చాలామంది తల్లిదండ్రులు ఇట్లాగే అనుకుంటారు. ఒకప్పుడు మొదటి సంవత్సరం పరీక్ష పాసైనవారు కొందరికి ఒక కళాశాల నుండి మరొక కళాశాలకు మారే వీలుండేది. జాతీయ వైద్య కమిషన్ 2023 జూన్‌లో తెచ్చిన నిబంధనల్లో ఆ దారిని మూసివేసింది. నిబంధనలు మారుతుంటాయి గనుక ఆ ఏటి ప్రకటన చూసుకోవాలి గాని, తరువాత మారవచ్చునన్న ఆశతో మాత్రం చేరకూడదు.

ఆ మార్పును నిబంధనల్లో మైగ్రేషన్ అంటారు. మన మాటలో వలస. మా పల్లెలో ఆ మాటకు ఆకలి అని అర్థం. తాళం వేసిన ఇల్లు, అవ్వ దగ్గర వదిలిన చంటిబిడ్డ గుర్తుకొస్తాయి. ఊరు విడిచి పోవడమంటేనే నష్టమని మాకు అలవాటైపోయింది. అందుకే ఈ బిడ్డ ప్రయాణాన్ని కూడా ఆ లెక్కలోనే వేసుకున్నాము. కరువుకు పోవడం వేరు, పనికి సిద్ధపడడానికి పోవడం వేరు. ఈ తేడా మాకు ఆ బస్సులో తెలిసింది.

అప్పుడు ఆమెతో ఒక మాట ఒప్పుకున్నాము. "అమ్మా, నిన్ను ఇక్కడే ఉండమని మేము కోరుకున్నది నీ మేలు కోసం కాదు. మా సండేస్కూలు కోసం. దానిని లెక్కలో పెట్టుకోవద్దు."

ఆమె నవ్వింది. తండ్రి చాలాసేపటికి, "నీకేమనిపిస్తాది పాపా?" అని అడిగాడు. ఇన్ని రోజుల్లో ఆమెను ఎవరైనా ఆ మాట అడగడం అదే మొదటిసారి అని మాకు అప్పుడు తట్టింది.

"కర్నూలు పెడతా నాయనా. రాకపోతే అనంతపురం ఉండనే ఉండాది. వస్తే భయపడను."

తల్లిదండ్రులైన పాఠకులకు మేము ఆ రోజున నేర్చుకున్నది చెబుతున్నాము. కళాశాల పేరు విని ఉరకవద్దు, దగ్గరని ఆగవద్దు. రెండు చోట్లా వెళ్లి చూడండి. అక్కడ చదువుతున్నవారిని అడగండి. పట్టా ఒకటేనా, ఖర్చు ఎంత తేడా, పోయిన సీటు తిరిగి వస్తుందా అని తెలుసుకోండి. నాలుగున్నర సంవత్సరాల చదువు, ఒక సంవత్సరం ఇంటర్న్‌షిప్ ఎక్కడ నిలకడగా సాగుతుందో బిడ్డనే చెప్పనివ్వండి. ఇంటి అండ ఉంటేనే చదవగలిగే బిడ్డకు, ఇంట్లో రోగియైన తల్లి ఉన్న బిడ్డకు అనంతపురమే సరియైన జవాబు కావచ్చు. సలహా ఇచ్చే పెద్దలు, మావంటి కాపరులు కూడా, ఆ సలహాలో తమ లాభమెంత ఉన్నదో ముందు చూసుకోవాలి.

రెండవ విడత జాబితాలో ఆమెకు కర్నూలు వచ్చింది. ఆ సాయంకాలం తండ్రి మా ఇంటికి వచ్చి, "మరి అనంతపురం సీటు ఏమైతాది అయ్యగారూ?" అన్నాడు. జాబితాలో వెనుక ఉన్న మరో బిడ్డకు పోతుందని చెప్పాము. కొంచెంసేపు ఊరకుండి, "ఆ ఇంట్లో ఈ రాత్రి నిద్రపోరు" అన్నాడు.

సండేస్కూలు ఆగిపోలేదు. మేము ఎన్నడూ గమనించని ఇంటర్మీడియట్ పిల్ల ఒకతె వచ్చి, తాను చెబుతానన్నది. ఇప్పుడు బాగా చెబుతున్నది. ఆ ఆదివారం ఆరాధనలో తండ్రి లేచి తన కుమార్తె కోసం ప్రార్థించాడు. తరువాత, పేరు తెలియని ఇంకొక బిడ్డ అనంతపురంలో చేరబోతున్నదని, ఆ బిడ్డకు కూడా తోడుగా ఉండుమని ప్రార్థించాడు. సంఘమంతా ఆమేన్ అన్నది.