ముందు ఏ బెడ్డు?

1578లో ఇబ్రహీం కుతుబ్‌షా కట్టించిన పాత వంతెన మీద ఇప్పుడు కూరగాయల బేరాలే. పక్కన కొత్త వంతెన మీద ఆటోల హారన్లు. పురానాపూల్ దర్వాజా దాటాక ఒక సందులో, పిండిగిర్ని మీది గదిలో, సాయంత్రాలు నర్సింగ్ పరీక్షలకు ప్రాక్టీసు జరుగుతుందంటే చూద్దామని వెళ్ళాను. కింద గిర్ని ఆడినంతసేపూ పాఠం చెప్పే మేడమ్ గొంతు పెంచాల్సిందే.

వచ్చినవాళ్ళలో చాలామంది ప్రైవేటు ఆసుపత్రుల్లో డ్యూటీలు చేస్తున్నవాళ్ళే. ఒకమ్మాయికి ఎయిమ్స్ వాళ్ళ నార్‌సెట్ కావాలి, ఇంకొకరికి అమెరికా వెళ్ళే ఎన్‌క్లెక్స్. మిగతావాళ్ళ చూపంతా రాష్ట్ర ప్రభుత్వ నర్సింగ్ ఆఫీసర్ పోస్టు మీద. 2024 నవంబరు 23న జరిగిన రాతపరీక్షకు 80 మార్కులు, సర్కారు దవాఖానల్లో కాంట్రాక్టు మీద చేసినవాళ్ళ సర్వీసుకు 20. ఆ ఇరవై దగ్గర గదిలో కాసేపు గొణుగుడు నడిచింది.

బోర్డు మీద నలుగురు పేషెంట్లు. థైరాయిడ్ ఆపరేషనై రెండు గంటలైంది, ఊపిరి తీస్తుంటే గురగుర చప్పుడు. షుగర్ 62, చెమటలు. మోకాలి ఆపరేషన్, నొప్పి పదికి ఎనిమిది. నాలుగో ఆయన డిశ్చార్జి కాగితాల కోసం గొడవ.

"ఎవరి దగ్గరికి పోతరు ఫస్టు?"

"థైరాయిడ్, మేడమ్. ఎయిర్‌వే."

"పోయి ఏం జేస్తవ్? ఉత్తగ నిలబడతవా?"

బెడ్డు పక్కన ట్రేకియాస్టమీ ట్రే, ఆక్సిజన్, సక్షన్ ఉన్నాయో లేవో ఆపరేషన్ ముందే చూసిపెట్టుకోవాలి. మెడ కట్టు కింద రక్తం చేరి శ్వాసనాళాన్ని నొక్కుతుండొచ్చు, కాల్షియం పడిపోయి గొంతు బిగుసుకోనూవచ్చు. అందుకే కాల్షియం గ్లూకోనేట్ కూడా అందుబాటులో ఉండాలి. డాక్టరుకు కబురు సరే, పేషెంటును వదిలి మాత్రం కదలొద్దు. ఇదంతా ఒక్క మార్కు ప్రశ్నకు.

"మరి షుగరాయన?" అంది వెనక వరుసమ్మాయి. "పోతూ పోతూ వాళ్ళ అటెండర్‌తో చక్కెర నీళ్ళు తాగించమంటా మేడమ్."

"స్పృహలున్నడా, మింగుతడా, చూసినంకనే."

తర్వాతి ప్రశ్నలో లెక్క తిరగబడింది. బస్సు బోల్తా, ముప్పై మంది. దవడ ఎత్తి దారి తెరిచినా ఊపిరి ఆడని పెద్దమనిషికి నల్ల ట్యాగు, అంటే ఆయన్ని వదిలి మిగతావాళ్ళను చూడాలి. వార్డులోనైతే అందరికంటే ముందు పరుగెత్తేది ఆయన దగ్గరికే. 1908లో మూసీ పొంగి అఫ్జల్‌గంజ్ ఆసుపత్రినే కూల్చేసిన ఊళ్ళో ఇది ఊరికే అడిగిన ప్రశ్న అనిపించలేదు నాకు. అయినా నల్ల ట్యాగు అనేసరికి అమ్మాయిల పెన్నులు ఆగాయి.

బేసిక్ కేర్ గబగబా సాగింది. స్పృహ లేని మనిషికి నోరు శుభ్రం చేసేటప్పుడు పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, కళ్ళు ముక్కు వైపునుంచి బయటికి తుడవాలి. అప్పుడు ఒకమ్మాయి, పుస్తకంలో లేనిది: "పెళ్ళి కూతురొచ్చింది మేడమ్. వేళ్ళకు నల్లగ మెహందీ. ఆక్సిమీటర్ రీడింగే వస్తలేదు." చెవి తమ్మెకు పెట్టి చూశారట. పాతబస్తీ నర్సుకు ఇది రోజూ పనికొచ్చే విద్య.

నాకు ఒకటి తోచింది. పరీక్ష ఎవరు ముందో అడుగుతుంది, ఆగాల్సిన ముగ్గురికీ ఏం చెప్పాలో అడగదు. ఆ మాటే అన్నాను. మేడమ్ నవ్వి, నైట్ డ్యూటీకి బ్యాగు సర్దుకుంటున్న అమ్మాయిని చూపించారు.

"నేనైతే టైము చెప్త సార్," అందామె. "దస్ మినట్ అంటే పది నిమిషాల్ల పోవాలె. పోకుంటే ఆయన అరుస్తడు, ఆయనతోటి వార్డంత అరుస్తది. ఆ మోకాలాయనకు ఇంజెక్షన్ అయ్యేదాంక ఎవ్వరి బీపీ దొరకదు."

"ఇది రాసుకోండి," అన్నారు మేడమ్. "పరీక్షల రాదు గాని."