అమ్మీ పేరులో రెండో మాట

టూరిస్ట్ వీసా దరఖాస్తులో అన్నిటికన్నా ముష్కిల్ ప్రశ్న బ్యాంకులో ఎంత ఉందన్నది కాదు, తిరుగు టికెట్ ఉందా అన్నది కాదు. మొదటి రెండు గళ్లే. ఒకదాంట్లో పేరు, ఇంకోదాంట్లో ఇంటిపేరు. మన అమ్మీల తరంలో, నానీల తరంలో ఆ రెండో గడి ఖాళీగా ఉన్న ఆడవాళ్లు ఎంతమందో మీ ఇంట్లోనే లెక్కపెట్టి చూడండి. ఆ పేర్లు పెట్టిన బుజుర్గులకు అలాంటి గడి ఒకటి వస్తుందన్న ఖయాల్ కూడా లేదు.

మా అమ్మీ పేరు ఒక్కటే మాట. ఇక్కడ రాయను. "నా పేరు నెట్‌లో పెట్టావంటే చూడు" అని ముందే చెప్పింది. ఖాసింబీ, మస్తాన్‌బీ, సైదాబీ... వీటిల్లో ఏదో ఒకటి అనుకోండి. మా వైపు పేర్లు వలీల దగ్గర్నుంచి వస్తాయి. గుంటూరు మస్తాన్ దర్గాలో మన్నత్ చేసుకుంటే మస్తాన్ వలీ, జాన్‌పహాడ్‌కి మొక్కుకుంటే సైదా, పెదకాకాని బాజీ బాబా దగ్గరికి వెళ్లొస్తే బాజీ. నాగూరు ఎంత దూరమైనా నాగుల్ మీరాలకు కొదవ లేదు. హిందువుల ఇళ్లలోనూ సైదులు, మస్తానయ్య ఉంటారు. మగపిల్లాడికైతే ముందు షేక్ అనో పఠాన్ అనో తగిలిస్తారు, బడి రిజిస్టర్ కోసం. ఆడపిల్లకు చివర బీ పెడితే అయిపోయింది. బడికి పంపితే కదా రిజిస్టర్!

అమ్మీ పాస్‌పోర్టు 2015లో తీయించాం, ఉమ్రా నియ్యత్‌తో. ఓటరు కార్డులో ఉన్నట్టే ఒక్క పేరు రాశారు, ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేశారు. వదిలేసినా పాస్‌పోర్టు వస్తుంది. ఆ తర్వాత అబ్బా ఇంతెఖాల్ అయ్యారు, సఫర్ ఆగిపోయింది. పాస్‌పోర్టు ఇనప్పెట్టెలో అబ్బా చేతి గడియారం పక్కన ఉండిపోయింది.

2022లో చెల్లెలు షార్జా నుంచి ఫోన్ చేసింది. అంతకుముందు రెండుసార్లు హమల్ నిలవలేదు. ఈసారి నిలిచింది, కానీ డాక్టరు విమానం ఎక్కొద్దంది. మనలో మొదటి కాన్పు మైకాలో జరగాలి. బిడ్డ రాలేకపోతే మైకాయే వెళ్లాలి కదా. జనవరి ఆఖరుకు తేదీ ఇచ్చారు. అదృష్టానికి ఆ అక్టోబరు ఆఖరులోనే గన్నవరం నుంచి షార్జాకు నేరుగా విమానం మొదలైంది. కొండవీడు నుంచి చిలకలూరిపేట వరకే ఒక్కతీ వెళ్లి వచ్చే మనిషికి హైదరాబాద్, అక్కడ మార్పు, అవన్నీ లేకుండా పోయాయి. వీసాల్లో ముప్పై రోజులది ఒకటి, అరవై రోజులది ఒకటి. చిల్లా నలభై రోజులు. ముప్పై రోజులకు జచ్చాను వదిలేసి ఏ తల్లీ రాదు. అరవైదే అనుకున్నాం.

నవంబరు 21న కొత్త ఖాయిదా వచ్చింది. పాస్‌పోర్టులో ఒక్క మాటే పేరుగా ఉంటే, రెండో గడి ఖాళీగా ఉంటే, విజిట్ వీసా మీద యూఏఈలోకి రానివ్వరు. అక్కడ నివాసం కార్డు ఉన్నవాళ్లకు ఇది వర్తించదు. తర్వాత మరో వివరణ కూడా వచ్చింది, పాస్‌పోర్టు రెండో పేజీలో తండ్రి పేరో కుటుంబం పేరో ఉంటే రానిస్తారని. కానీ మా ట్రావెల్ ఏజెంటు ఆ భరోసా మీద అరవై మూడేళ్ల మనిషిని విమానం ఎక్కించనన్నాడు. "షార్జాలో దింపి మళ్లీ అదే విమానంలో వెనక్కి పంపితే?" అన్నాడు. ఆ మాట అమ్మీకి చెప్పలేదు.

ఈ బాధ ఒక్క యూఏఈతోనే కాదు. అమెరికా వీసాలో ఒక్క పేరు వాళ్లకు ఉన్న పేరును ఇంటిపేరు గడిలోకి తోసి, పేరు గడిలో ఎఫ్ఎన్‌యూ అని కొడతారు. మొదటి పేరు తెలియదు అని దానర్థం. మా ఖాలా కొడుకును అక్కడ బ్యాంకు నుంచి ఫోన్ చేసినవాళ్లు 'మిస్టర్ ఫ్ను' అని పిలుస్తారట. నవ్వొస్తుంది, పూర్తిగా నవ్వలేం కూడా.

అయితే అమ్మీకి రెండో మాట కావాలి. ఏ మాట? ఆ రోజు ఇషా తర్వాత ఇంట్లో పెద్ద పంచాయితీ. నానాది షేక్, అబ్బాది పఠాన్. చెల్లెలు పఠాన్, దాని షౌహర్ సయ్యద్. పఠాన్ పెడితే కాగితాల్లో తల్లీకూతుళ్లు ఒకటిగా కనిపిస్తారు, వీసావాళ్లకు సులువు అని నా వాదన. తమ్ముడు మస్కరా. "కొండవీటి అని పెట్టేద్దాం" అన్నాడు. ఆ ఇంటిపేరుతో రాష్ట్రమంతా మనుషులున్నారు, సగం మంది ఈ కొండను చూసి ఉండరు. కొండ కిందే పుట్టి పెరిగిన మాకు మాత్రం లేదు. ఆ మాటకొస్తే ఊరికే పేరు మార్చారు. 1580 ప్రాంతంలో కుతుబ్‌షాహీలు కోట తీసుకున్నాక దీన్ని ముర్తుజానగర్ అన్నారు. ఇప్పుడు ఎవరికి యాద్ ఉంది?

అమ్మీ తస్బీ తిప్పుతూ అంతా విన్నది. "హజ్రత్ ఆయెషాను ఏమంటారు?" అంది.

"ఆయెషా బింతె అబూబకర్."

"హఫ్సాను?"

"హఫ్సా బింతె ఉమర్."

"హుజూర్ బీవీలే అబ్బాల పేర్లు మార్చుకోలేదు. మీ అబ్బాతో నలభై ఏళ్లు బతికాను, ఒక్కరోజు కూడా నన్ను పఠాన్ అనలేదు ఆయన. మా అబ్బా షేక్. రాసుకో."

రాసుకున్నా. కానీ షేక్ అన్నది ఎలా రాయాలి? ఆధార్‌లో ఎస్, కే అని రెండక్షరాలు. రేషన్ కార్డులో ఒకలా, మామూ భూమి పాస్‌బుక్కులో నానాది ఇంకోలా. మన దగ్గర ఎక్కువమంది చివర హెచ్ లేకుండా రాస్తారు, హైదరాబాదీలు హెచ్ పెడతారు. బీ అనే మాటకు ఒక కార్డులో ఒక ఈ, ఇంకోదాంట్లో రెండు. పుట్టినరోజు ఎలాగూ జనవరి 1. ఏ ఏడాదో తప్ప ఏ రోజో చెప్పలేని మన పెద్దలందరికీ ఆధార్ ఇచ్చిన సామూహిక సాల్‌గిరా అది. ఆధార్‌లో పేరు జీవితంలో రెండుసార్లే మార్చుకోనిస్తారు, అందులో ఒకటి ఇక్కడ ఖర్చయింది. తర్వాత విజయవాడ పాస్‌పోర్ట్ సేవా కేంద్రం. మామూలు ఫీజు 1500, తత్కాల్‌కి ఇంకో 2000. తెచ్చుకోవాల్సిన కాగితాల లిస్టు మా ఊరి పేరు మీదున్న సామెతకే సరిపోయింది, అచ్చం కొండవీటి చాంతాడు.

ఇంకో గిరహ్ పడింది. చెల్లెలి పాస్‌పోర్టులో తల్లి పేరు దగ్గర ఉన్నది పాత ఒక్క మాట. ఇప్పుడు అమ్మీ పేరు రెండు మాటలయితే, ఈమే ఆ తల్లి అని ఎవరు చెప్పాలి? కొత్త పాస్‌పోర్టు చివరి పేజీలో పాత పాస్‌పోర్టు నంబరు అచ్చువేస్తారు. మూల కత్తిరించిన పాత పుస్తకాన్ని కొత్తదానితో కలిపి పట్టుకెళ్లాలి. మీలో ఎవరైనా ఇంట్లో పెద్దవాళ్లకు పేరు సరిచేయిస్తుంటే రద్దయిందని పాతది పారేయకండి, అదే రిష్తా.

విచారణకు వచ్చిన పోలీసాయన మంచం మీద కూర్చుని చాయ్ తాగుతూ అడిగాడు, "ఈ వయసులో పేరెందుకు మార్చారమ్మా?" అని. అమ్మీ కొంగు సర్దుకుని, "మార్చలేదు బాబూ, పూర్తి చేశాను" అంది. ఆయన నవ్వి సంతకం పెట్టించుకున్నాడు.

వీసా ఫారం నింపేటప్పుడు ప్రయాణం దేనికి అన్నచోట పర్యాటకం అని ఎంచుకున్నాను. చదివి వినిపించాలి కదా. "మై సైర్‌కూ జారీ క్యా?" అని తగులుకుంది. ఆమె దృష్టిలో టూరిస్టులంటే ఇతవారం కార్లేసుకుని ఘాట్ రోడ్డెక్కి కోట చూసి, దిగేటప్పుడు సీతాఫలాలు బేరమాడేవాళ్లు. కూతురి కాన్పుకు వెళ్లే తల్లి టూరిస్టు ఎలా అవుతుంది? ఆ రకం వీసాకు ఆ పేరే అమ్మీ అంటే, "జూఠ్ రాయించి పంపిస్తున్నావు" అంది.

ఆ రాత్రి నాకు మా ఊరి రెడ్డిరాజులు గుర్తొచ్చారు. రాజధానిని అద్దంకి నుంచి కొండవీటికి తెచ్చిన అనవోతారెడ్డి 1358లో మోటుపల్లి రేవులో శాసనం వేయించాడు. అంతకు వందేళ్ల ముందు కాకతి గణపతిదేవుడు పరాయి వర్తకులకు ఇచ్చిన అభయాన్ని కొనసాగించాడు. వచ్చి ఉండేవాళ్లకు ఇజ్జత్ ఇస్తాం, భూమి ఇస్తాం, వెళ్లాలనుకున్నప్పుడు ఆపం అని దాని సారం. ఆ రోజుల్లో కొండవీటి గుర్రాలు హురుమంజి నుంచి, అంటే హోర్ముజ్ నుంచి వచ్చేవి. షార్జా ఉన్నది ఆ సముద్రం గట్టునే. అవతలి మనిషిని పేరు రెండు మాటలా ఒక్క మాటా అని అడిగినట్టు ఆ శాసనంలో లేదు. రాజులంతా రహమ్‌దిల్ అని కాదు, సుంకం కావాలి కాబట్టే పిలిచారు. అయినా రాతి మీద చెక్కించి మరీ పిలిచారు.

పాస్‌పోర్టు జనవరి మొదట్లో వచ్చింది. వీసా చేతికి రాకముందే చెల్లెలికి నొప్పులొచ్చాయి. ఆడపిల్ల, మాషాఅల్లా. అమ్మీ ఫోన్ పట్టుకుని ముసల్లా మీదే కూర్చుంది ఆ రాత్రంతా. నాలుగు రోజులకు వీసా వచ్చింది. కాగితంలో రెండు గళ్లూ నిండి ఉన్నాయి. అమ్మీ చదవలేదు, కానీ రెండో మాట మీద వేలు పెట్టి "ఇది అబ్బా కదా" అంది. తొమ్మిదో రోజున షార్జాలో దిగింది. ఏడో రోజు చేయాల్సిన అఖీఖా నానీ కోసం ఆపి పద్నాలుగో రోజు చేశారు.

బిడ్డ పేరు మీద అక్కడ కూడా పంచాయితీ జరిగిందట. ఏ పేరైనా పెట్టుకోండి, మూడు మాటలు ఉండాలి అని అమ్మీ హుకుం.

చిల్లా స్నానం చేయించి, ఇంకో పది రోజులుండి, అరవై నిండకముందే తిరిగొచ్చింది. గన్నవరం నుంచి కారులో వస్తూ, అడగకుండానే చెప్పింది: "ఒకరోజు బుర్జ్ ఖలీఫా కిందిదాకా తీసుకెళ్లమన్నా. పైకెక్కలేదు, మెడ నొప్పి పుట్టేదాకా చూశా. సైర్ అని రాశావు కదా నువ్వు."