పెనానికి పట్టిన తుప్పు, చింతపండు పులుపు: బైరెడ్డిపల్లె పర్యటన

చిత్తూరు జిల్లాలో పలమనేరుకూ వి.కోటకూ నడుమ ఉన్న బైరెడ్డిపల్లె తమిళ, కన్నడ సీమలకు దగ్గరి ఊరు. తెలుగువారు దోసె పెనం అనే ఇనుప పలకను పొరుగున తమిళులు దోసెకల్లు అనీ, కన్నడిగులు కావలి అనీ అంటారు. పేరు ఏదైనా దానికి పట్టే చీడ మాత్రం తుప్పే. ఈశాన్య రుతుపవనాల వానలు కురిసే అక్టోబరు మొదలు డిసెంబరు వరకు, వాడకుండా అటకెక్కించిన పెనం మీద ఎర్రని మచ్చలు తేలతాయి. ఇలాంటి పెనాలకు తరచు వాడేది పోత ఇనుము, అంటే కరిగించి అచ్చులో పోసిన ఇనుము. అందులో 2 నుంచి 4 శాతం వరకు కర్బనం ఉండడం వల్ల అది పెళుసుగా ఉంటుంది, దాని గరుకు పైభాగంలోని సన్నని గుంటలు తేమను పట్టి ఉంచుతాయి.

ఊరిలోని ఒక ఇంటి పెరట్లో సాగే పని చూస్తే ఈ మచ్చలకు విరుగుడు వంటింట్లోనే ఉందని తెలుస్తుంది. చింతపండు వ్యాపారానికి పేరుపొందిన పుంగనూరు ఈ ప్రాంతంలోదే కనుక ఇక్కడ చింతపండుకు కొదవ లేదు. పులుసు పిండగా మిగిలిన పిప్పిని మచ్చల మీద మెత్తి, కొంతసేపు నాననిచ్చి, కొబ్బరి పీచుతో రుద్దితే ఎర్రని నీరు దిగుతుంది. తుప్పు అంటే ఇనుము, ప్రాణవాయువు, నీరు కలిసి ఏర్పడిన పదార్థం. చింతపండులోని టార్టారిక్ ఆమ్లం దాన్ని కరిగించి, విడివడిన ఇనుమును తనతో బంధించి నీటిలోనే నిలుపుతుంది. నిమ్మకాయలోని సిట్రిక్ ఆమ్లం కూడా ఇదే పని చేస్తుంది, పుల్లమజ్జిగలోని లాక్టిక్ ఆమ్లం మరింత నెమ్మదిగా చేస్తుంది. వినెగర్ వాడేవారు దానికి సమానంగా నీరు కలుపుకోవడం మేలు.

ఇందులో అసలు విద్య పులుపు పెట్టడంలో కాక, దాన్ని ఆపడంలో ఉంది. తుప్పు తీరిన చోట కూడా ఆమ్లం ఆగదు, ఇనుమునే తినడం మొదలుపెట్టి పైభాగాన్ని బూడిదరంగులో గరుకుగా మారుస్తుంది. కాబట్టి అరగంటకొకసారి చూసుకుంటూ, మచ్చ పోగానే కడిగి, మిగిలిన పులుపును విరిచే క్షారగుణం గల కట్టెల బూడిదతోనో వంటసోడాతోనో తోమాలి. తడి ఆరేలోగా కొత్త తుప్పు పూస్తుంది కనుక పెనాన్ని వెంటనే పొయ్యి మీద ఆరబెట్టి, వేరుశనగ నూనెను పలుచగా రాసి, పొగ వచ్చేదాకా కాల్చాలి. ఆ వేడికి నూనె గట్టి నల్లని పొరగా బిగుసుకుంటుంది. దీన్నే పెనం పదును చేయడం, నేటి మాటలో సీజనింగ్ అంటారు.

ఈ పొరకు ప్రధాన శత్రువుల్లో పులుపు ఒకటి; ఇనుప పాత్రలో చింతపండు పులుసు కాచకూడదన్న కట్టడికి కారణం అదే. పొరను చెరిపే గుణమూ, మచ్చను తొలగించే గుణమూ ఒకే పులుపులో ఉన్నాయని గ్రహించి, ఎక్కడ వద్దో అక్కడ దాన్ని దూరం పెట్టి, ఎక్కడ కావాలో అక్కడ గడువు పెట్టి వాడుకోవడం గొప్ప నేర్పు. తుప్పు పట్టిన పెనాన్ని పాత సామానుల వాడికి వేసే ముందు ప్రతి ఇల్లూ ఈ నేర్పును ఒకసారి పరీక్షించి చూడాలి.