గ్యాస్ అయిపోలేదు

దుబాయ్‌లో జెబెల్ అలీ ఎండ గురించి చెప్తే మా ఊరోళ్లు నమ్ముతారు. ఎండ వాళ్లకూ తెలుసు. మే నెలలో జగిత్యాల, కోరుట్ల ఎట్లా మండుతాయో చూసినవాళ్లే. రాత్రి గురించి చెప్తేనే ఎవరూ నమ్మరు. ఆగస్టులో ఇక్కడ పొద్దుగూకితే ఎండ పోతుంది గానీ వేడి పోదు. పక్కనే సముద్రం. గాలి పడిపోతుంది, తేమ ఎక్కుతుంది. అర్ధరాత్రి దాటినా 34, 35 డిగ్రీలుంటాయి. చెమట పడుతుంది గానీ ఆరదు. చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడేది, ఆరకపోతే నీళ్లూ ఉప్పూ పోవడమే తప్ప లాభం లేదు. ఆగస్టు 24 ప్రాంతంలో తెల్లవారుజామున కనబడే సుహైల్ నక్షత్రం కోసం అరబ్బులు ఎదురుచూసేది అందుకే. అది పొడిచిందంటే ఎండాకాలం నడుం విరిగినట్టు. నేను చెప్పబోయేది సుహైల్ పొడవక ముందు సంగతి.

నేను ఐటీఐలో ఏసీ మెకానిక్ పని నేర్చుకుని వచ్చినవాణ్ణి. పగలంతా విల్లాల్లో ఏసీలు బాగుచేసే పని. రాత్రి జెబెల్ అలీ ఇండస్ట్రియల్ ఏరియాలోని లేబర్ క్యాంప్‌లో పడక. క్యాంప్ మా కంపెనీది కాదు, వేరేవాళ్లది. నాలుగైదు కంపెనీల మనుషులం అందులో అద్దెకు ఉండేవాళ్లం. మా రూమ్‌లో ఎనిమిది మందిమి. నాలుగు బంకు మంచాలు, గోడ పొడుగునా ఇనుప బీరువాలు, తెరవడానికి వీల్లేని ఒక కిటికీ, తలుపు పైన రెండు టన్నుల స్ప్లిట్ ఏసీ. రెండు టన్నులంటే ఏడు కిలోవాట్ల వేడిని గదిలోంచి తోడి బయట పారబోయగల శక్తి. ఎనిమిది మందికి అది చాలు, సరిగ్గా పనిచేస్తే.

మాలో పెద్దాయన సిరిసిల్లవాడు. అందరం కాకా అనే పిలిచేవాళ్లం. ఊర్లో మరమగ్గాలు నడిపిన మనిషి, ఇక్కడ సైటులో షట్టరింగ్ పని. మధ్యాహ్నం 12:30 నుంచి 3 దాకా ఎండలో పని చేయించొద్దని ఇక్కడ రూలుంది, జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 వరకు. ఆ రూలు వల్ల బతికినవాళ్లు ఎందరో, నేను కాదనను. కానీ 3 తర్వాత కూడా సూర్యుడు నెత్తిమీదే ఉంటాడు, ఇనుము అప్పటికే కాలి ఉంటుంది. రోజంతా కాగిన ఒంటికి రాత్రి చల్లగా కొన్ని గంటలు దొరికితేనే మర్నాటికి తేరుకుంటుంది. ఆ గంటలు పోతే తర్వాతి రోజు వేడి నిన్నటి వేడి మీద చేరుతుంది.

ముందు నీళ్లు కారడం మొదలైంది. ఏసీ కింద పై బంకులో పడుకునే కుర్రాడి దిండు రోజూ తడిసేది. ఇక్కడి తేమకు రెండు టన్నుల ఏసీ ఒక్క రాత్రిలో బకెట్లకొద్దీ నీళ్లు తీస్తుంది. ఆ నీళ్లు డ్రైన్ పైపు గుండా పోవాలి. దుమ్మూ పాచీ కలిసి పైపులో జిగట గడ్డకడితే నీళ్లు వెనక్కి తన్ని గదిలో పడతాయి. ఏసీ పాడైందనడానికి అది గుర్తు కాదు, లోపల మురికి పేరుకుందని చెప్పే మొదటి కబురు. 1902లో బ్రూక్లిన్‌లో విల్లిస్ క్యారియర్ తయారుచేసిన మొదటి యంత్రం కూడా మనుషుల చల్లదనం కోసం కాదు, ఒక ప్రెస్సులో కాగితం తేమకు సాగి రంగులు పక్కకు జరగకుండా ఉండటానికి. గాలిలో నీళ్లు తీయడమే దాని మొదటి పని. జెబెల్ అలీలో ఆగస్టు నెల ఏసీ సగం కష్టం ఈ నీళ్లతోనే.

తర్వాత కూలింగ్ తగ్గింది. ఏసీ ముందు చెయ్యి పెడితే గాలి చల్లగానే ఉంది, కానీ రావాల్సినంత రావట్లేదు. మూత ఎత్తి టార్చి వేసి చూశాను. ఫిల్టర్ల మీద వేలు మందాన దుమ్ము. వెనక కాయిల్ మీద తెల్లగా మంచు. గాలి ఆడకపోతే కాయిల్‌కు వేడి అందదు, వేడి అందకపోతే దానిమీది తేమ గడ్డకడుతుంది, గడ్డకట్టిన మంచు ఉన్న కాస్త గాలినీ ఆపేస్తుంది. ఇట్లాంటప్పుడు కొందరు రిమోట్‌లో 16 పెడతారు. 16 పెడితే తొందరగా చల్లబడదు, కంప్రెసర్ ఆగకుండా తిరిగి మంచు ఇంకా పెరుగుతుంది. కూలింగ్ ఆపి, ఉత్త ఫ్యాను నడిపి, మంచు కరగనిచ్చి, ఫిల్టర్లు కడగాలి. అది ఎవరైనా చేసుకోగలిగిన పని.

క్యాంప్ బాస్‌కి చెప్పాను. "ముట్టొద్దు. ఏసీలు కాంట్రాక్టు వాళ్లవి. వాళ్లే వస్తారు" అన్నాడు హిందీలో. నేను మెకానిక్‌ననీ, ఇట్లాంటివే రోజూ చేస్తాననీ చెప్పినా అదే మాట. కాంట్రాక్టు వాళ్లు మర్నాడు మేమంతా పనిమీద ఉన్నప్పుడు వచ్చి పోయారు. సాయంత్రం గోడకు ఒక కాగితం అంటించి ఉంది, గ్యాస్ నింపాం అని. మూత ఎత్తి చూస్తే ఫిల్టర్ల మీద దుమ్ము ఎట్లున్నది అట్లే ఉంది.

ఇక్కడ కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే దుబాయ్‌లోనే కాదు, హైదరాబాద్‌లో, కరీంనగర్‌లో కూడా ఎన్నో ఇళ్లల్లో ఇదే జరుగుతోంది. కూలింగ్ రాకపోతే ఎవరి నోటనైనా మొదట వచ్చే మాట, గ్యాస్ అయిపోయింది. ఏసీలో గ్యాస్ బండిలో పెట్రోల్ కాదు, వాడేకొద్దీ అయిపోవడానికి. మూసిన రాగి గొట్టాల్లో అదే గ్యాస్ ఏళ్ల తరబడి తిరుగుతుంది. తగ్గిందంటే ఎక్కడో లీకు ఉన్నట్టే. లీకు వెతక్కుండా గ్యాస్ కొట్టినవాడు పని చేసినట్టు కాదు. మా రూమ్‌ది పాత ఆర్-22 గ్యాస్ మిషన్. గేజి పెడితే సక్షన్ వైపు 65, 70 పీఎస్ఐ దగ్గర ఉండాలి. ఫిల్టర్ దుమ్ముతో మూసుకుపోయినా ఆ ముల్లు పడిపోతుంది, గ్యాస్ తక్కువైనప్పుడు పడిపోయినట్టే. ముల్లు ఒక్కటే చూసినవాడు గ్యాస్ కొడతాడు. తర్వాత ఎవరో ఫిల్టర్ కడుగుతారు, గాలి మళ్లీ ఆడుతుంది, ఎక్కువైన గ్యాస్ అప్పుడు బయటపడుతుంది. కంప్రెసర్ మోయలేని బరువు మోస్తుంది.

ఆ సాయంత్రం క్యాంప్ బాస్ ఫిల్టర్ల వరకు ఒప్పుకున్నాడు. కడిగి బిగించాం. ఒక గంట గది బ్రహ్మాండంగా చల్లబడింది. అందరం తిని పడుకున్నాం. అర్ధరాత్రి కావస్తుండగా ఏసీ గాలి వేడిగా రావడం మొదలైంది. లోపలి ఫ్యాను తిరుగుతోంది, మేడ మీద కంప్రెసర్ ఆగింది. కొద్దిసేపటికి మళ్లీ ఎత్తుకుంది, ఆగింది. అట్లా కొన్నిసార్లు. తర్వాత ఇక ఎత్తుకోలేదు. మేడ మీదికి పోదామంటే మెట్ల తలుపుకు తాళం, తాళంచెవి క్యాంప్ బాస్ దగ్గర, ఆయన ఫోన్ ఎత్తడు.

తలుపు తీసి పెట్టాం. బయటి గాలి లోపలి గాలికన్నా మెరుగ్గా లేదు. టేబుల్ ఫ్యాన్ పెట్టాం. గాలి ఒంటికన్నా వేడిగా, తేమగా ఉన్నప్పుడు ఫ్యాను చేసే మేలు తక్కువ. కొందరు బట్టలు తడిపి కప్పుకున్నారు. ఇద్దరు చాపలు పట్టుకుని కారిడార్‌లోకి పోయారు. కాకా కింది బంకులో కదలకుండా పడుకుని ఉన్నాడు. నిద్రపోతున్నాడనుకున్నాం.

కాసేపటికి ఆయన మాట్లాడటం మొదలుపెట్టాడు. "కండె అయిపోయింది, మార్చున్రి. మగ్గం ఆపున్రి రా" అంటున్నాడు. నవ్వులాటకు అనే మనిషి కాదు. "కాకా, ఏమైందే?" అంటే నా మొహం చూశాడు గానీ నన్ను గుర్తుపట్టలేదు. చెయ్యి పట్టుకుంటే కాలిపోతోంది. నుదురు పొడిగా ఉంది, అంత ఉక్కలో చెమట లేదు. వడదెబ్బ ఒంటిని దాటి మెదడుకు ఎక్కిందనడానికి మాట తప్పడమే గుర్తు. ఆ తర్వాత ఒక్క నిమిషం కూడా ఆలస్యం చేయకూడదు.

ఏసీ నడుస్తూ, మనిషిని పడుకోబెట్టడానికి జాగా ఉన్న చోటు గేటు దగ్గర నాతూర్ (వాచ్‌మన్) క్యాబిన్ ఒక్కటే. నలుగురం దుప్పట్లో వేసుకుని మోసుకుపోయాం. నాతూర్ పెషావర్ వైపు మనిషి, మాట అడక్కుండా తన మంచం ఖాళీ చేశాడు. చొక్కా విప్పాం. మెస్ ఫ్రిజ్‌లో ఉన్న ఐసంతా పాలిథిన్ కవర్లలో కట్టి మెడ కింద, చంకల్లో, గజ్జల్లో పెట్టాం. తడిపిన బెడ్‌షీట్ కప్పి ఎదురుగా ఫ్యాన్ పెట్టాం. ఒకడు గ్లాసుతో నీళ్లు తెస్తే వద్దన్నాను. తెలివి సరిగా లేని మనిషి నోట్లో నీళ్లు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

998కి ఫోన్ చేశాం. అంబులెన్స్ నంబర్ అది. అవతలి అమ్మాయి హిందీలోనే మాట్లాడింది, ఓపిగ్గా అడిగింది. ఎక్కడున్నారు? జెబెల్ అలీ ఇండస్ట్రియల్ ఏరియాలో అన్నీ ఒకేలాంటి గోడలు, ఒకేలాంటి గేట్లు. ఎన్నేళ్లున్నా అడ్రస్ ఎవరికీ తెలియదు, కంపెనీ బస్సు తెస్తుంది, బస్సు తీసుకుపోతుంది. ఎవరో దగ్గరి గోదాం పేరు చెప్పారు, ఇంకెవరో రోడ్డు పేరు చెప్పారు, రెండూ కలవలేదు. చివరికి నాతూర్ గేటు పక్కన గోడకున్న చిన్న పలక మీద వేలు పెట్టి చూపించాడు. దుబాయ్‌లో ప్రతి కట్టడానికీ పది అంకెల మకానీ నంబర్ ఉంటుంది. అది చదివితే అంబులెన్స్ నేరుగా గేటు ముందుకు వచ్చింది.

ఆస్పత్రిలో చూసేసరికి కాకా ఒంటి వేడి 41 దాటి ఉంది. ఐసు పెట్టకపోయుంటే ఇంకా ఎక్కువుండేదని డాక్టర్ అన్నది. గల్ఫ్‌లో చనిపోయినవాళ్ల పెట్టెలు శంషాబాద్ విమానాశ్రయం నుంచి మా మండలానికి కూడా వస్తాయి. వెంట వచ్చే కాగితం మీద గుండె ఆగిందని ఉంటుంది. అందులో ఎన్ని గుండెలు ఇట్లాంటి గదుల్లో ఆగాయో ఎవరూ రాయరు. ఆ రాత్రి ఆస్పత్రి వరండాలో కూర్చున్నప్పుడు నేను దీని గురించే ఆలోచించాను.

తెల్లారి క్యాంప్ బాస్ తనే వచ్చి మేడ తాళంచెవి నా చేతికిచ్చాడు. పైన ఔట్‌డోర్ యూనిట్లు రెండు వరసలు, ఒకదానికొకటి ఎదురుగా. ఒకటి ఊదిన వేడిగాలి ఇంకొకటి పీల్చుకుంటోంది. గల్ఫ్ కోసం చేసే మిషన్లు టీ-3 రకం, బయట 52 డిగ్రీలున్నా నడిచేలా తయారుచేసినవి. కానీ ఆ వరసల మధ్య గాలి 52 దగ్గర ఆగదు. మా యూనిట్ కాయిల్ రెక్కల మధ్య ఇసుక, నూలుపోగులు, సముద్రపు ఉప్పు కలిసి పొరలా పట్టుకుని ఉన్నాయి.

మెయిన్ ఆపి, టెస్టర్‌తో చూసుకుని, కెపాసిటర్‌ను డిశ్చార్జ్ చేశాను. కరెంటు తీసేసినా అందులో చార్జి నిలిచి ఉంటుంది, ఇంట్లో సొంతంగా మూత విప్పేవాళ్లు దీన్నొక్కటి మరువొద్దు. కెపాసిటర్ నెత్తి ఉబ్బిపోయి ఉంది. మీటర్ పెడితే దానిమీద రాసిన విలువలో సగం కూడా లేదు. రాత్రి కంప్రెసర్ మూలిగి మూలిగి ఆగిపోయింది అందుకే. కాయిల్‌ను లోపలి నుంచి బయటికి నీళ్లు కొట్టి కడిగాను, వంగిన రెక్కలు దువ్వెనతో సరిచేశాను. అంతే మైక్రోఫారడ్ల కొత్త కెపాసిటర్ వేసి స్టార్ట్ చేస్తే ముల్లు 100 దగ్గర నిలబడింది, క్లాంప్ మీటర్‌లో ఆంప్స్ పలక మీద రాసినదానికన్నా ఎక్కువ. అంటే గ్యాస్ ఎక్కువుంది. ఎక్కువైనది సిలిండర్‌లోకి లాగాను. నట్ల దగ్గర సబ్బునురగ పెట్టి చూశాను, ఒక్క బుడగ కూడా లేవలేదు. ఆ మిషన్‌కు లీకే లేదు. డ్రైన్ పైపు ఊది జిగట బయటికి తీశాను. గదిలో ఏసీ పీల్చే గాలి 30, వదిలే గాలి 19. మొత్తం ఖర్చు ఒక కెపాసిటర్.

ఆ వారంలోనే కాంట్రాక్టు వాళ్లు ఆ బ్లాకులో మిగిలిన కాయిల్స్ కూడా కడిగారు. కడగమని చెప్పడానికి ఒక మనిషి ఆస్పత్రి పాలు కావాల్సింది కాదు. మధ్యాహ్నం విరామానికి తేదీలున్నట్టే, క్యాంప్ ఏసీల కాయిల్ కడగడానికీ జూన్ రాకముందు ఒక తేదీ ఉండాలని, తాళంచెవి రాత్రిపూట కూడా గేటు దగ్గరే ఉండాలని నేను అప్పుడూ అడిగాను, ఇప్పుడూ అడుగుతున్నాను. తాళంచెవి సంగతి ఒప్పుకున్నారు. తేదీ సంగతి ఇంకా తేలలేదు.

కాకా కిడ్నీలు కొంత దెబ్బతిన్నాయి. ఆయన కంపెనీ లెక్కలు చూసి ఇంటికి పంపింది. ఇప్పుడు సిరిసిల్లలో ఉన్నాడు, ఎండలో పని చేయొద్దన్నారు. ఫోన్ చేస్తే ఆ రాత్రి తనకేమీ యాదికి లేదంటాడు.

మా రూమ్ తలుపు లోపలివైపు ఇప్పుడు ఒక కాగితం ఉంది. అందులో 998, మకానీ నంబర్ పది అంకెలు, బ్లాకు, రూమ్ నంబర్. తెలుగులో ఒకసారి, హిందీలో ఒకసారి రాశాం. క్యాంపుల్లో ఉండే మనవాళ్లు ఎవరైనా ఇది చదివితే, గేటు దగ్గరికి పోయి మీ పలక మీది నంబర్ ఈ రోజే రాసుకోండి.