కుండకు జ్ఞాపకముండునా?

నా బావమరిది గోడ క్యాలెండరు వెనుక మట్కా అంకెలను వరుసగా వ్రాసికొనెడివాడు. "బావా, ఈ అంకె వచ్చి చాల దినములైనది, ఇక రాక తప్పదు" అనుచు కూలి డబ్బు దానిమీద పెట్టెడివాడు. ఆ మాట నాకును న్యాయముగానే తోచెను గనుక ఊరకుంటిని. మీకును అట్లే తోచుచున్నదా? అయినయెడల ఇది వినుడి.

ఇటలీ దేశపు ప్రభుత్వ లాటరీలో, పది నగరముల పేరట వేరువేరుగా, 90 అంకెలలోనుండి 5 తీయుచుండిరి. వెనిస్ నగరము పేరట 53 అను అంకె 2003వ సంవత్సరము మొదలు 182 మార్లు తీసినను రాలేదు. జనులు "ఈసారి తప్పదు" అని కూడబెట్టినది ఊడ్చి, అప్పులు చేసి దానిమీద పెట్టిరి. ఆ మొత్తము 350 కోట్ల యూరోలకు మించెనని పత్రికలు వ్రాసెను. కొందరు ప్రాణములే పోగొట్టుకొనిరి. తుదకు 2005 ఫిబ్రవరి 9న ఆ అంకె వచ్చెను.

90లో 5 అనగా 18లో ఒక వంతు. నేను ఒక కుండలో 18 చింతగింజలు వేసి, ఒకదానికి సున్నము రాచితిని. చూడక ఒక గింజ తీయుట, మరల వేయుట, కుండ కుదుపుట, ఇదే పని. ఒకప్పుడు 40 మార్లు తీసినను సున్నపు గింజ రాలేదు. 41వ మారు కుండలో ఏమున్నది? అవే 18 గింజలు, అదే ఒక సున్నపు గింజ. గడచినది కుండకు జ్ఞాపకముండదు.

"చాల మార్లు తీసినచో అన్నియు సమానమగును గదా?" అందురేమో. నిజమే, గాని బాకీ తీర్చుటవలన కాదు. 182 మార్లలో 53 సుమారు 10 మార్లు రావలసినది. తరువాత 18,000 మార్లు తీసినచో అది సుమారు 1,000 మార్లు వచ్చును. ఆ 10 లోటు తీరదు. నిండు చెరువులో ముంచుకొనిన కడవెడు నీటివలె తెలియకపోవును, అంతే. మరియు పది నగరములలో 90 చొప్పున 900 అంకెలను జనులు కనిపెట్టుచుండగా, ఎక్కడనో ఒకటి బహుకాలము దాగుట వింత కాదు.

ఒక రాత్రి ఆ కుండను నా బావమరిది యెదుట పెట్టితిని. అతడు చాలసేపు గింజలు తీసి, ఏమియు పలుకక, క్యాలెండరును త్రిప్పి వ్రేలాడదీసెను. అప్పటికే అతని భార్య కమ్మలు తాకట్టుకు పోయినవి.

చదువరీ, మీ యింట అట్టి క్యాలెండరున్నయెడల వాదింపకుడి. కుండయు గింజలును తెచ్చి యెదుట పెట్టుడి. నేను ఆలస్యము చేసితిని, మీరు చేయకుడి.