పిడతలలో నారు

జియా సరాయ్‌లో నేల కనిపించదు. కనిపించేదంతా మెట్లు, గోడలు, గోడల నడుమ చిక్కుపడిన కరెంటు తీగెలు. ఢిల్లీ ఐ.ఐ.టి. ప్రక్కనే ఒదిగియున్న ఈ పాతపల్లె ప్రక్కలకు పెరుగుటకు చోటులేక మీదికి పెరిగింది. సరాయ్ అనగా బాటసారుల సత్రము. ఊరు ఆ పేరును నేటికీ నిలుపుకొంటున్నది. పరీక్షలకు చదివే పిల్లలు దేశం నలుమూలల నుండి వచ్చి, ఒకటి రెండేండ్లు ఇరుకు గదులలో తలదాచుకొని వెళ్ళిపోతారు.

మా మేడమీద నా ప్రక్కగదిలో గుంటూరు జిల్లా కుర్రవాడొకడు ఉండేవాడు. గేట్ పరీక్షలో మొదటిసారి ఆశించిన మార్కులు రాక, రెండవసారి చదువుతున్నాడు. ఒక జూలైలో, ఇంటినుండి వచ్చిన ఎండుమిరపకాయలలో మంచివి ఏరి, గింజలు రాల్చి, పొట్లం కట్టి నాకిచ్చాడు. నా వద్ద పెద్ద సిమెంటు తొట్టి ఉన్నది. మొదటనే విశాలమైన చోట వేస్తే మరల కదిలించే బాధ తప్పుతుందని తలచి, సగం గింజలు అందులో చల్లాను. మొలిచాయి. రెండేసి ఆకులు విచ్చిన కొద్ది దినాలకే, కాడలు మట్టిని తాకేచోట నీరుక్రమ్మి, దారంవలె సన్నబడి ఒరిగిపోయాయి. మూడురోజులలో ఒక్కటీ మిగలలేదు.

కుర్రవాడు తొట్టిలో వేలుపెట్టి చూశాడు. “మావైపు దీన్ని నారుకుళ్ళంటారండీ మాస్టారూ. ఇంత మట్టిలో తడిని అంత చిన్న వేరు ఎట్లా తాగుతుందండీ?” అన్నాడు.

నిజమే. పెద్దతొట్టిలో పోసిన నీరు వానకాలంలో దినాలతరబడి నిలుస్తుంది. ఆ తడిలోనే బూజు ప్రబలి లేతకాడను తినివేస్తుంది. పిడతలోనైతే పోసిన నీరు త్వరగా ఆరి, వేరుకు గాలి దొరుకుతుంది. ఎండ ఎక్కువైతే అరచేతిలో పెట్టుకొని నీడకు తేవచ్చు. సిమెంటు తొట్టిని నీడకు తెచ్చేదెవరు?

ఫిబ్రవరిలో మిగిలిన గింజలు తీశాను. టీ దుకాణంలో త్రాగి పారవేసే మట్టిపిడతలను ఏరి తెచ్చి, అడుగున మేకుతో చిల్లి పొడిచి, చివికిన ఆకుమన్ను, ఇసుక కలిపి నింపాను. గింజను దాని మందానికి రెండుమూడింతల లోతున మాత్రమే పెట్టాను. నీరు మీదినుండి పోయక, పళ్ళెంలో పోసి పిడతలను అందులో నిలిపితే, మట్టి తనకు కావలసినంత పీల్చుకొన్నది. తొమ్మిది మొక్కలు నిలిచాయి.

మార్చి చివర, నాలుగైదు ఆకులు వచ్చి, అడుగు చిల్లిలోనుండి తెల్లని వేరు తొంగిచూచినప్పుడు, ఒక సాయంకాలం వాటిని పెద్దకుండలకు మార్చాను. కాడకు ఇరువైపులా వ్రేళ్ళుంచి, పిడతను తలక్రిందులుచేసి తట్టితే, మన్నుముద్ద చెదరక అరచేతిలోకి దిగింది. ఆ ముద్దను చూచినప్పుడు నాకు పూసా జ్ఞాపకం వస్తుంది. 1905లో బీహారులోని పూసాలో వెలసిన వ్యవసాయ పరిశోధనాలయం 1934 భూకంపంలో దెబ్బతిని, 1936లో ఢిల్లీకి తరలింది. ఊరు అక్కడే ఉండిపోయినా, పేరు వేరునంటిన మన్నువలె వెంట వచ్చింది. ఇక్కడ పుట్టిన మిరపరకం కూడ ‘పూసా జ్వాల’యే.

ఎనిమిది మొక్కలనే మార్చాను. మునుపటి నష్టం మనస్సులో ఉండి, అన్నిటికన్న బలమైనదానిని పిడతలోనే దాచుకొన్నాను. ఇది నా పిరికితనమే. ఏప్రిల్ నడుమ దాని ఆకులు పసుపెక్కి, జానెడైనా ఎదగకముందే ఒక పూవు పూచింది. పిడత పగులగొట్టి చూస్తే వేళ్ళు గోడవెంట చుట్టలు చుట్టుకొని, మట్టికన్న వేళ్ళే ఎక్కువగా ఉన్నాయి. చుట్టలను విప్పి నాటాను గాని, అది తక్కినవాటి ఎత్తును అందుకోలేదు.

కుర్రవాడికి ఆ యేడూ అనుకొన్న ర్యాంకు రాలేదు. మూడవసారి ఉండమని నేనన్నాను. గది అద్దె నేను సర్దుతానని కూడ అన్నాను. అతడు పిడత పెంకులవంక చూస్తూ, “వద్దండీ మాస్టారూ, హైదరాబాదులో చిన్న ఉద్యోగం చూసుకొన్నానండీ” అన్నాడు. మే నెలలో రెండు పెట్టెలతో మెట్లు దిగాడు.

జూన్ చివర కాయలు ఎర్రబడ్డాయి. నీడన ఆరవేసి, గింజలు పొట్లం కట్టి, ఒక పొట్లం హైదరాబాదుకు పంపాను. ఆ పొట్టిమొక్క నాలుగే కాయలు కాచింది. వాటి గింజలనూ అందులోనే కలిపాను.