పాత ల్యాప్‌టాప్‌లో తెలుగు పదాలు

ఎడిసన్‌లో మా పిల్లల తెలుగు తరగతి ఓ బేస్‌మెంట్‌లో నడుస్తుంది. అక్కడ సెల్ సిగ్నల్ అందదు, వైఫై లేదు. అందుకే పదాల పట్టికను ఇంటర్నెట్ అవసరం లేకుండా ల్యాప్‌టాప్‌లోనే సర్వరు పెట్టి నడపాలనుకున్నాం. నా దగ్గరున్నది 2006 నాటి థింక్‌ప్యాడ్ టీ60, అందులో విండోస్ 7. "కొత్తది కొనేయొచ్చుగా" అన్నవాళ్ళే ఎక్కువ. ప్రొజెక్టరుకు తగిలించి పదాలు చూపించడానికి ఈ మిషను చాలు. పనిచేసే వస్తువును చెత్తలో వెయ్యడానికి నాకు మనసొప్పదు.

దాని కోర్ డ్యుయో ప్రాసెసరు 32 బిట్ ప్రోగ్రాములనే నడుపుతుంది. అపాచీ వెబ్ సర్వరు, డేటాబేసు, పీహెచ్‌పీ కలిపి ఇచ్చే జాంప్ ఇప్పుడు 64 బిట్‌కే వస్తుంది కాబట్టి పాత వెర్షనే వేశాను. స్టార్ట్ నొక్కగానే అపాచీ పచ్చరంగులోకి మారి, వెంటనే ఆగిపోయింది. ఇలాంటప్పుడు చాలామంది అంతా పీకేసి మళ్ళీ ఇన్‌స్టాల్ చేస్తారు. దానివల్ల ఒరిగేదేమీ లేదు. ముందు మిషను ఏమంటోందో చదవాలి. ఎర్రర్ లాగ్‌లో ఏమీ కనిపించకపోతే కమాండ్ విండో తెరిచి అపాచీని అక్కడి నుంచే నడిపితే సంగతి బయటపడుతుంది. పోర్టు 80 దొరకలేదని చెప్పింది. నెట్‌స్టాట్‌లో చూస్తే ఆ పోర్టు ప్రాసెస్ 4 చేతిలో ఉంది. అంటే విండోస్ సిస్టమే. దాని వెనక, ఎప్పుడో ఆఫీసు పనికోసం ఆన్ చేసిన విండోస్ సొంత వెబ్ సర్వరు ఐఐఎస్ ఉంది. ఆ సర్వీసు ఆపినా సరిపోయేది. నేను మాత్రం అపాచీ సెట్టింగుల ఫైలులో లిజన్ అన్నచోట 127.0.0.1:8080 అని రాశాను. గొడవా తీరింది, పాత సాఫ్ట్‌వేరు బయటివాళ్ళకు కనబడకుండానూ పోయింది.

అసలు బెంగ తర్వాత మొదలైంది. పేజీ తెరుచుకుంది కానీ, తెలుగు ఉండాల్సిన చోటల్లా ప్రశ్నార్థకాలే. పదాలన్నీ ఓపిగ్గా టైపు చేసిన మా తోటి టీచరు మొహం చిన్నబోయింది.

"పోయినట్టేనా అన్నయ్యా?"

"మీ ఎక్సెల్ ఫైలు ఉందిగా, ఏం పోలేదమ్మా" అన్నాను.

ఇక్కడో తేడా తెలిసుండాలి. తెలుగు బదులు పిచ్చి పిచ్చి లాటిన్ గుర్తులు కనబడితే చాలాసార్లు డేటా భద్రంగానే ఉంటుంది, చదివే తీరులోనే పొరపాటు. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు అక్షరానికి, ఒక్కో గుణింతపు గుర్తుకు 3 బైట్లు పడతాయి. లాటిన్ పద్ధతిలో చదివితే ఒక్క 'త' మూడు ముక్కలవుతుంది. డేటాబేసులోనే ప్రశ్నార్థకాలు చేరితే మాత్రం ఎక్కించేటప్పుడే అక్షరం పోయిందన్నమాట. మళ్ళీ రాదు. మైఎస్‌క్యూఎల్ డేటాబేసు 8.0కు ముందు, మనం ఏమీ చెప్పకపోతే లాటిన్1 పద్ధతినే తీసుకునేది. మా టేబుల్‌కు జరిగిందదే.

టేబుల్ కొత్తగా యూటీఎఫ్8ఎంబీ4లో కట్టి, పీహెచ్‌పీ కనెక్షన్‌లోనూ అదే మాట చెప్పి, ఎక్సెల్‌లోని పదాలను యూటీఎఫ్-8 ఫైలుగా సేవ్ చేసి ఎక్కించాను. తెరమీద 'నాగలి', 'కాడి', 'మోట' వరసగా వచ్చాయి. ఒత్తులు, గుణింతాలు ఎక్కడా చెదరలేదు. ఆవిడ ఒక్కో పదం వేలితో చూపిస్తూ పైకి చదివారు. 'తూము' దగ్గర ఆగి, దీనికి బొమ్మ కూడా పెడదామన్నారు. వచ్చే ఆదివారానికి ఆ బొమ్మ వెతకాలి.